సాంక్షన్ రాని ఏళ్లలో కంచన్‌బాగ్

మన సంఘం స్వర్ణోత్సవ సంచికలో కంచన్‌బాగ్‌లోని క్షిపణుల పరిశోధనశాల డీఆర్‌డీఎల్ గురించి ఒక వ్యాసం ఉండాలని కార్యవర్గం తీర్మానించి, ఆ పని నాకు అప్పగించింది. సంతోషంగా ఒప్పుకున్నాను. కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల నుంచి హైదరాబాదు వచ్చిన మా తరంలో ఎందరికో అన్నం పెట్టిన సంస్థ అది. సంఘం తొలి సభ్యుల జాబితా తీస్తే కంచన్‌బాగ్, సంతోష్‌నగర్, చంపాపేట చిరునామాలు వరసగా కనిపిస్తాయి. పృథ్వి, అగ్ని, ఆకాశ్ క్షిపణులంటే ఈ రోజున బడిపిల్లలకు కూడా తెలుసు. వాటికి ఢిల్లీ నుంచి డబ్బు ఎలా వచ్చిందో, రాని రోజుల్లో ఆ షెడ్లలో ఏం జరిగిందో చెప్పగలవాళ్లు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. నేను ఆ సంగతే రాస్తున్నాను.

1958లో ఢిల్లీ మెట్కాఫ్ హౌస్‌లో ప్రత్యేక ఆయుధాల అభివృద్ధి బృందం అన్న పేరుతో కొద్దిమంది మొదలుపెట్టిన పని ఇది. 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. అప్పుడు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు డాక్టర్ సూరి భగవంతం గారు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన మహానుభావుడు. 1961 నుంచి 1969 దాకా ఆ పదవిలో ఉన్నారు. తెలుగునేల మీద రక్షణ పరిశోధనశాలలు ఒక్కొక్కటిగా నిలదొక్కుకున్నది ఆ కాలంలోనే. లోహాల పరిశోధనకు డీఎంఆర్‌ఎల్ 1963లో, నౌకాదళం కోసం విశాఖపట్నంలో ఎన్‌ఎస్‌టీఎల్ 1969లో వచ్చాయి. తరవాత క్షిపణుల తయారీకి 1970లో భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాల తయారీకి 1973లో మిధాని ఏర్పడ్డాయి. డీఆర్‌డీఎల్ మొదటి పదేళ్లలో ట్యాంకుల్ని కొట్టే క్షిపణి ఒకటి తయారైంది, సైన్యం దాన్ని తీసుకోలేదు. భారత్ డైనమిక్స్ ఫ్రెంచి లైసెన్సుతో అదే రకం ఎస్‌ఎస్-11 తయారీ మొదలుపెట్టింది. ఆ దశాబ్దానికి ఇంతకంటే రాయవలసింది లేదు.

అసలు కథ 1972లో డెవిల్ ప్రాజెక్టుతో మొదలవుతుంది. మన వైమానిక దళం దగ్గర రష్యావాళ్ల ఎస్‌ఏ-2 క్షిపణులు ఉండేవి. నేల మీంచి లేచి ఆకాశంలో విమానాన్ని కూల్చే రకం. దాన్ని ముక్క ముక్కగా విప్పి, కొలిచి, ప్రతి భాగాన్నీ మన దేశంలో మన చేత్తో తయారుచెయ్యాలి. డైరెక్టరుగా వచ్చిన ఎయిర్ కమొడోర్ వి.ఎస్. నారాయణన్ గారు పట్టుదల మనిషి. ప్రభుత్వం మూడేళ్లకు 5 కోట్ల రూపాయలు ఇచ్చింది, అందులో దాదాపు సగం విదేశీ మారకద్రవ్యం. ఇప్పటి లెక్కకు అది చిన్న మొత్తంలా కనిపించవచ్చు. డాలరు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో అది పెద్ద నమ్మకం. గుట్టలు, పాత సమాధులు తప్ప మరేమీ లేని ఆ శివారు ప్రాంతంలో షెడ్లు లేచాయి, యంత్రాలు దిగాయి, దేశం నలుమూలల నుంచీ కుర్రాళ్లు వచ్చారు.

కాకినాడలో డిప్లొమా చేసి నేను చేరింది ఆ రోజుల్లోనే. నాకు పని నేర్పినవాళ్లలో ముఖ్యుడు మామిడికుదురు వైపు నుంచి వచ్చిన ఒక టర్నరు. ఆయన్ని మేమంతా బాబాయి అనేవాళ్లం. చదువు తక్కువ. లేతు మీద చెయ్యి పెడితే మాత్రం ఇంజనీర్లు వచ్చి పక్కన నిలబడేవారు. ద్రవ ఇంధనం మండే గదిలోకి ఇంధనాన్ని తుంపరగా చిమ్మే భాగం ఉంటుంది. దాని రంధ్రాలు వెంట్రుకవాసి తేడా వచ్చినా మంట ఒక పక్కకు లాగి గది గోడనే తినేస్తుంది. అలాంటి పని ఎంత ఆలస్యమైనా ఆయన చేతికే వెళ్లేది. నారాయణన్ గారు షాపులోకి వచ్చి ఆ పని చూస్తూ నిలబడటం నేను దూరం నుంచి చూశాను.

1975లో డాక్టర్ బ్రహ్మప్రకాశ్ గారి అధ్యక్షతన ఒక సమీక్షా సంఘం వచ్చి ప్రాజెక్టును పరిశీలించింది. ఇస్రో నుంచి వచ్చిన ఆ సంఘంలో అబ్దుల్ కలాం గారు ఒక సభ్యుడు. పని కొనసాగించవచ్చని సంఘం అభిప్రాయపడింది. ఘన ఇంధన బూస్టరు సిద్ధమైంది, ద్రవ ఇంధన ఇంజను టెస్ట్ బెడ్ మీద మండి చూపించింది. అయినా ప్రభుత్వం ముందుకు పోనివ్వలేదు. దశాబ్దం చివరికి వచ్చేసరికి డెవిల్ మూతపడింది. పూర్తి క్షిపణిగా అది ఒక్కసారి కూడా ఎగరలేదు.

దాని తరవాతి సంవత్సరాల గురించి ఎక్కడా సరిగ్గా రాయలేదు కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. జీతాలు ఆగలేదు, పని ఆగింది. ఉదయం గేటులోకి వెళ్లి సాయంత్రం బయటికి వచ్చేవాళ్లం, మధ్యలో చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ప్రతిపాదనలు ఢిల్లీకి వెళ్లేవి, ప్రశ్నలతో తిరిగివచ్చేవి. సైన్యం ఏ క్షిపణి కావాలంటుందో తేలాలి, ఆర్థికశాఖ ఆమోదించాలి, ఆపైన కేబినెట్ సంఘం ఒప్పుకోవాలి. వీటిలో ఏది ముందో తేలక ఫైళ్లు నిలిచిపోయేవి. డెవిల్ పేరెత్తితే చాలు, పాత వైఫల్యం అన్నట్టు చూసేవారు. తెలివైన ఇంజనీర్లు కొందరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. నా పెళ్లి మాటల్లో మామగారు లేబులో ఏం చేస్తావని అడిగితే చెప్పడానికి నాకు మాట రాలేదు.

ఆ రోజుల్లో బాబాయి చేసిన పని ఒకటి చెప్పాలి. డెవిల్ కోసం తయారైన జిగ్గులు, ఫిక్చర్లు, గేజీలు గోదాములో కుప్పపడి ఉంటే, నూనె రాసి, తుప్పు పట్టకుండా చుట్టి, ఏది ఏ భాగానిదో తగరపు ముక్క మీద అచ్చు కొట్టి తీగతో కట్టేవారు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ వద్దనలేదు. ఎందుకు బాబాయ్ అంటే, "పని మళ్లీ వత్తాదిరా అబ్బాయ్, అప్పుడు ఎతుక్కోకూడదు" అన్నారు.

పని మళ్లీ వచ్చింది. 1982 జూన్‌లో కలాం గారు డైరెక్టరుగా వచ్చారు. అదే ఏడాది, అప్పటిదాకా డీఎంఆర్‌ఎల్ డైరెక్టరుగా పక్కనే ఉన్న డాక్టర్ వి.ఎస్. అరుణాచలం గారు రక్షణమంత్రి శాస్త్ర సలహాదారు అయ్యారు. వాళ్లిద్దరూ కలిసి ఢిల్లీలో రక్షణశాఖ ఉన్న సౌత్ బ్లాక్‌కు తీసుకువెళ్లిన ప్రతిపాదన దశలవారీది. ముందు రెండు మూడు క్షిపణులు, అవి కుదిరాక మిగతావి. విన్నవాళ్లలో రక్షణమంత్రి ఆర్. వెంకటరామన్ గారితో పాటు త్రివిధ దళాధిపతులు ఉన్నారు. సైన్యాధిపతి మన తెలుగువారు, జనరల్ కె.వి. కృష్ణారావు గారు. అంతా విన్నాక వెంకటరామన్ గారు దశలు వద్దని, అన్నిటినీ ఒకే కార్యక్రమంగా కలిపి తెమ్మని సూచించారు. ఆ రాత్రి కూర్చుని ప్రణాళిక మళ్లీ రాశారు. మంత్రివర్గం ఆమోదించిన మొత్తం 12 ఏళ్లకు 388 కోట్లు. 1983 జులై 27న సమగ్ర నియంత్రిత క్షిపణి అభివృద్ధి కార్యక్రమం మొదలైంది.

నా దృష్టిలో ఆ కార్యక్రమానికి జరిగిన అతిపెద్ద మేలు అలా కలిపి అడగటమే. డెవిల్‌కు ఏడాదికి కోటిన్నర పైచిలుకు, అదీ మూడేళ్లకే. ఇప్పుడు ఏడాదికి సగటున 32 కోట్లు, పన్నెండేళ్ల పాటు. మధ్యలో ఒక ప్రయోగం తప్పినా తలుపులు మూసుకోవు. ఏటా కొంచెం కొంచెం విదిలిస్తే పని ఏమవుతుందో కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం కోసం ఎదురుచూస్తున్న మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తరవాతి చరిత్ర అందరూ ఎరిగినదే. ఆ కార్యక్రమంలోని ఐదు క్షిపణుల్లో పృథ్వికి కల్నల్ వి.జె. సుందరం, త్రిశూల్‌కు కమాండర్ ఎస్.ఆర్. మోహన్, ఆకాశ్‌కు ప్రహ్లాద, నాగ్‌కు ఎన్.ఆర్. అయ్యర్, అగ్నికి ఆర్.ఎన్. అగర్వాల్ గార్లు ప్రాజెక్టు డైరెక్టర్లు. 1987లో ఏడు పెద్ద దేశాలు కలిసి క్షిపణి సాంకేతికత మీద ఆంక్షలు పెట్టాయి. అడిగినవి రావడం మానేశాయి, ఇక్కడే తయారుచేసుకోవడం అలవాటైంది. 1988 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పృథ్వి లేచింది. అదే ఏడాది హైదరాబాదులో ఇమారత్ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. అగ్ని రెండుసార్లు ఆఖరి క్షణాల్లో ఆగి, 1989 మే 22న చాందీపూర్ నుంచి ఎగిరింది. త్రిశూల్ ఆశించినట్టు ఫలించలేదు, నాగ్ చాలా ఆలస్యమైంది. ఆ మాట కూడా చరిత్రలో ఉండాలి.

పృథ్విలోని ద్రవ ఇంధన ఇంజనుకు పునాది డెవిల్ రోజుల్లో పడింది. ఆనాడు ఆ ఇంజను మీద పనిచేసిన యువకుడు డాక్టర్ వి.కె. సారస్వత్ గారు తరవాత దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అధిపతి అయ్యారు. పెద్దల పేర్లు నిలిచాయి, నిలవాలి కూడా. కానీ ఎన్ని ఉత్సవాలు జరిగినా, ఎన్ని సంచికలు వచ్చినా డెవిల్‌కు దక్కేది ఒక్క వాక్యం. అందులో చేతులు కాల్చుకున్నవాళ్లకు అదీ లేదు. బాబాయి పృథ్వి ఎగరకముందే రిటైరై ఊరికి వెళ్లిపోయారు. ఆయన కట్టిన తగరపు ముక్కల్ని చూసి కొత్త కుర్రాళ్లు పని మొదలుపెట్టడం నేను కళ్లారా చూశాను. అలాంటివాళ్ల పేర్లు ఎక్కడా లేకపోవడం నా మనసులో చాలాకాలంగా ఉన్న బాధ.

కార్యవర్గం కోరిక మేరకు మన ప్రాంతం నుంచి ఆ రోజుల్లో పనిచేసినవాళ్లను ఇక్కడ స్మరిస్తున్నాను. ముమ్మిడివరం ఫిట్టర్లు ఇద్దరు, కొత్తపేట వెల్డరు, రావులపాలెం డ్రాఫ్ట్స్‌మన్, అంబాజీపేట నుంచి వచ్చిన స్టోర్‌కీపరు, పి.గన్నవరం ఎలక్ట్రీషియన్లు, మలికిపురం నుంచి వచ్చిన ప్రయోగశాల సహాయకుడు, ఆత్రేయపురం డ్రైవరు, క్యాంటీన్‌లో మన వంట తినిపించిన రాజోలు దంపతులు. ఇంటి అద్దె దొరక్కపోతే కుర్రాళ్లకు గది ఇచ్చి, తొలి జీతం వచ్చేదాకా భోజనం పెట్టిన సంఘం దాతలందరికీ నమస్కారాలు.

ఇక ఇంతమందిని పంపిన మన తీరం మాట. కోనసీమ నేల కింది గ్యాసు దేశానికంతా వెళ్లింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి మనుషులు చనిపోయారు. నష్టం భరించాం. సాంకేతిక పరిశ్రమ అని చెప్పుకోదగ్గది మన పిల్లలకు రాలేదు. మచిలీపట్నంలో మాత్రం, 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకోబట్టి, ఈ రోజు అక్కడ రాత్రిపూట చూసే పరికరాలు సైన్యానికి తయారవుతున్నాయి. ఒక చిన్న ఊరి కర్మాగారం నిలబడితే ఏమవుతుందో చూపించే ఉదాహరణ అది.

ఇప్పుడు మన తీరానికి మరో అవకాశం వస్తోంది. పదేళ్లకు పైగా అనుమతుల మధ్య నలిగిన కృష్ణా జిల్లా నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతి సభలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అంచనా సుమారు 1,460 కోట్లు. మడ అడవుల పక్కన, వేటమీద బతికే ఊళ్ల మధ్య అది వస్తోంది. ఒడిశాలో బలియాపాల్ రైతులు, మత్స్యకారులు పరీక్షా కేంద్రాన్ని ఎందుకు ఎదిరించారో తెలిసినవాణ్ని కనుక చెబుతున్నాను: అక్కడి జాలర్లకు వేట ఆగే రోజులకు పరిహారం, వాళ్ల పిల్లలకు ఉద్యోగం ముందే కాగితం మీద ఉండాలి. కృష్ణా, గోదావరి జిల్లాల పాలిటెక్నిక్‌లలో రాడారు, టెలిమెట్రీ పరికరాల పని నేర్పే కోర్సులు ఇప్పుడే పెట్టాలి. మన పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు ఈ మూడింటినీ దశలవారీగా అడగకుండా ఒకే ప్రతిపాదనగా ఢిల్లీకి తీసుకువెళ్లాలి.

సంఘం సభ్యులకు ఒక మనవి. 1972 నుంచి 1982 దాకా కంచన్‌బాగ్‌లో పనిచేసిన మీ తండ్రులు, బాబాయిలు, మేనమామల పేర్లు, ఊళ్లు, వాళ్లు చేసిన పని, దొరికితే ఒక ఫోటో కార్యవర్గానికి పంపండి. వచ్చే సంవత్సరం సంచికలో ఆ జాబితా పేర్లతో సహా అచ్చువేయడానికి తీర్మానం ఇప్పటికే జరిగింది.