సమాధి ఫలకాలు - వంశచరిత్ర

పాత శ్మశానవాటికల్లోని ఫలకాల ఆధారంగా పూర్వీకుల వివరాలు రాబట్టడం వంశచరిత్ర పరిశోధనలో ముఖ్యమైన పద్ధతి. మచిలీపట్నం, భీమునిపట్నం, తమిళనాడులోని పులికాట్‌లలో ఉన్న డచ్చివారి సమాధులు దీనికి మంచి ఉదాహరణలు.

డచ్చివారు 1605లో మచిలీపట్నం చేరారు. వారి రాతి పలకలపై వంశచిహ్నం, హోదా, మరణించిన తేదీ చక్కగా చెక్కి ఉంటాయి. కొన్నింటిపై వయసు ఏళ్లు, నెలలు, రోజులతో సహా ఉంటుంది. వెనక్కి లెక్కగడితే పుట్టినరోజు తేలుతుంది. భార్య ఫలకంపై పుట్టింటి పేరు కనిపిస్తే అంతకన్నా అదృష్టం లేదు. తల్లివైపు వంశం ఆచూకీ అక్కడే దొరుకుతుంది.

అయితే ఫలకం ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఏళ్ల తర్వాత వేయించిన రాతిపై తేదీ తప్పే అవకాశం ఉంది. చర్చి ఖనన రిజిస్టరుతో సరిచూసుకోవాలి. ఈస్టిండియా కంపెనీ కాలంనాటి ఇంగ్లిషు రిజిస్టర్ల నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అక్షరాలు చెరిగిన చోట, మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి శాసనాలపై జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో వెలువరించిన జాబితా ఆదుకుంటుంది.

అరిగిన రాత ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో బాగా కనబడుతుంది. ఆమ్లంతోనో ఇనుప బ్రష్షుతోనో రుద్దితే రాయి పాడవుతుంది. దయచేసి ఫొటోతో సరిపెట్టుకోండి.