దవాఖాన, ఆసుపత్రి, హాస్పిటల్: మూడూ ఒకటేనని ఫోన్‌కి ఎవరు చెప్పారు?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, హిస్టరీ మాత్రమే. అయినా బోర్ కొట్టదు, నాదీ గ్యారంటీ.

వరంగల్‌లో ఒక పెద్దాయన ఫోన్‌లో మైక్ నొక్కి "దగ్గర్ల దవాఖాన ఏడున్నది" అని అడిగాడనుకోండి. అక్కడ బోర్డు మీద "ప్రభుత్వ ఆసుపత్రి" అని ఉంటుంది. మ్యాప్‌లో ఎవరో "హాస్పిటల్" అని ఎక్కించి ఉంటారు. మనకి మూడూ ఒకటే. కానీ కంప్యూటర్‌కి మాట అంటే అక్షరాల వరుస, అంతకుమించి ఏమీ కాదు. దవాఖానకీ ఆసుపత్రికీ ఒక్క అక్షరం కూడా కలవదు. మరి ఆ రెండూ ఒకటేనని దానికి ఎలా తెలియాలి? తెలియకపోతే ఆ పెద్దాయనకి "ఫలితాలు లేవు" అని వస్తుంది. ఛాతీ నొప్పితో వెతికేవాడికి అది చిన్న విషయం కాదు.

మొదటి దారి అందరికీ తట్టేదే: లిస్టు రాసిపెట్టడం. ఇది కంప్యూటర్ల కన్నా చాలా పాతది. అమరసింహుడి అమరకోశం మూడు కాండాల్లో ఒక్కో వస్తువుకి ఎన్ని పేర్లున్నాయో శ్లోకాల్లో కూర్చిపెట్టింది. మన ఊళ్లలో పిల్లల చేత అది బట్టీ పట్టించేవాళ్లు. తెలుగు మాటలకి అలాంటి పనే పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహంలో చేశాడు. ఇంగ్లీషులో పీటర్ మార్క్ రోజే అనే డాక్టర్ డెబ్భై దాటాక, 1852లో తన థెసారస్ బయటపెట్టాడు. అందులో మాటలు అక్షర క్రమంలో కాకుండా భావాల వారీగా ఉంటాయి.

లిస్టులు ఔట్‌డేటెడ్ అనుకోకండి. నేను జాబ్ చేసే రోజుల్లో మా సెర్చ్ ప్రాజెక్ట్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ ఉండేది. ఒక్కో లైన్‌లో కామాలు పెట్టి సమానార్థక పదాలు రాసేవాళ్లం. అంటే అమరకోశమే, ఛందస్సు లేదు అంతే.

లిస్టుని మెషీన్‌తో తయారు చేయించవచ్చా అని గట్టిగా ఆలోచించినవాళ్లలో కారెన్ స్పార్క్ జోన్స్ ముందుంటారు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడే. కేంబ్రిడ్జ్‌లో ఆవిడ చదివింది హిస్టరీ, తర్వాత కొంచెం ఫిలాసఫీ. బీటెక్ లేదు, కంప్యూటర్ డిగ్రీ లేదు. కొన్నాళ్లు స్కూల్లో పాఠాలు చెప్పి, 1950ల చివర్లో కేంబ్రిడ్జ్ లాంగ్వేజ్ రీసెర్చ్ యూనిట్‌లో చేరారు. దాన్ని నడిపింది విట్‌గెన్‌స్టైన్ దగ్గర చదువుకున్న మార్గరెట్ మాస్టర్‌మన్. రోజే థెసారస్‌ని పంచ్ కార్డుల మీదికి ఎక్కించి, దాంతో అనువాదం చేయించాలని చూస్తున్న చోటు అది.

1964లో పూర్తయిన స్పార్క్ జోన్స్ పీహెచ్‌డీ విషయమే సమానార్థకత. ఆలోచన ఇలా ఉంటుంది. మాటని విడిగా చూడకూడదు, వాక్యంలో పెట్టి చూడాలి. ఆ వాక్యంలో అర్థం మారకుండా దాని బదులు ఏ మాటలు పెట్టొచ్చో వాటన్నిటినీ ఒక వరుసగా రాయాలి. మన భాషలో చేసి చూద్దాం. "మా తాత నిన్న రాత్రి పోయారు." ఇక్కడ పోయారు బదులు చనిపోయారు, కాలం చేశారు, కన్నుమూశారు అనొచ్చు. ఇది ఒక వరుస. "బస్సు పోయింది." ఇక్కడ వెళ్లిపోయింది, బయల్దేరింది. ఇది రెండో వరుస. "ఫోన్ పోయింది." పడిపోయిందో, ఎవరో కొట్టేశారో, మొత్తానికి మూడో వరుస. ఒకే "పోవడం" మూడు వరుసల్లో కూర్చుంది. ఏ వరుసల్లో ఎక్కువ మాటలు కలుస్తున్నాయో లెక్కేసి వాటిని గుంపులు కట్టడం మెషీన్ పని. అర్థం అంటే ఏంటో మెషీన్‌కి చెప్పక్కర్లేదు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చెబితే చాలు.

ఆ థీసిస్ పుస్తకంగా వచ్చింది 1986లో. 22 ఏళ్లు పట్టింది! ఆవిడ చాలా ఏళ్లు తాత్కాలిక గ్రాంట్ల మీదే పనిచేశారు. ప్రొఫెసర్ అయ్యేసరికి 1999 వచ్చింది. ఈ మధ్యలోనే, 1972లో, ఒక చిన్న ఐడియా పేపర్‌గా రాశారు. అన్ని డాక్యుమెంట్లలో కనిపించే మాటకి విలువ తక్కువ, కొన్నిట్లో మాత్రమే కనిపించేదానికి విలువ ఎక్కువ. "కీళ్ల నొప్పులకి మంచి డాక్టర్" అని వెతికితే "మంచి" అనేది లోకమంతా ఉంటుంది, పట్టుకోవాల్సింది "కీళ్ల" అనే మాటని. దీన్నే ఐడీఎఫ్ అంటారు. సెర్చ్ మీద పనిచేసిన ఇంజనీర్ ఎవరైనా దీన్ని వాడే ఉంటారు. ఆవిడ పేరు అడిగితే మాత్రం చాలామంది నోరెళ్లబెడతారు.

సరే, రెండో దారికి వద్దాం. డిక్షనరీ ముట్టుకోకుండా మామూలుగా రాసిన వాక్యాల నుంచే అర్థం లాగడం. 1954లో జెలిగ్ హారిస్ అనే అమెరికన్ భాషావేత్త (చోమ్‌స్కీకి గురువు) ఒక మాట అన్నాడు. రెండు మాటల చుట్టూ వచ్చే మాటలు ఎంత ఎక్కువగా కలిస్తే, వాటి అర్థాలు అంత దగ్గర. దానికి ఉదాహరణగా కళ్ల డాక్టర్‌ని పిలిచే రెండు ఇంగ్లీషు మాటలు తీసుకున్నాడు, మన టాపిక్‌కి సరిపోయింది. 1957లో లండన్‌లో జె.ఆర్. ఫర్త్ కూడా ఇదే దారిలో, మాట స్నేహాల్ని బట్టి మాట తెలుస్తుందనే అర్థంలో రాశాడు. ఈ ఫర్త్ మనకి పరాయివాడేం కాదు. 1920ల్లో లాహోర్‌లో ఇంగ్లీషు ప్రొఫెసర్. 1937లో మళ్లీ ఇండియా వచ్చింది గుజరాతీ, తెలుగు భాషల మీద పని చేయడానికి! ఏఐ పేపర్లలో ఆయన వాక్యాన్ని వినాయకుడి శ్లోకంలా మొదట్లో పెట్టేస్తారు గానీ, తెలుగు సంగతి ఎవరూ చెప్పరు.

ఇది నిజమా కాదా అని 1965లో రూబెన్‌స్టైన్, గుడెనఫ్ అనే ఇద్దరు పరీక్ష పెట్టారు. 65 జతల ఇంగ్లీషు మాటలు తీసుకుని, 51 మంది చేత 0 నుంచి 4 వరకు మార్కులు వేయించారు. రత్నం, నగ లాంటి జతకి దాదాపు 4 వచ్చింది. తాడు, చిరునవ్వు లాంటి జతకి దాదాపు సున్నా. బాగా దగ్గరి అర్థాలున్న జతలకి చుట్టూ ఉండే మాటలు కూడా ఎక్కువగా కలిశాయి. ఆ 65 జతలతో ఇప్పటికీ మెషీన్లని టెస్ట్ చేస్తుంటారు.

1987లో అసలు నొప్పి ఎక్కడుందో కొలిచారు. ఫర్నాస్, లాండవర్, గోమెజ్, డ్యుమే అనే నలుగురు పరిశోధకులు జనాన్ని వస్తువులకీ, కంప్యూటర్ కమాండ్లకీ, వంటకాలకీ పేర్లు పెట్టమన్నారు. ఇద్దరు మనుషులు ఒకే వస్తువుకి ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కన్నా తక్కువ! అది ఒక్క ఇంగ్లీషులో. సంస్కృతం, అచ్చ తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగూ కలిసిన మన నోళ్లలో ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. కరెంటు బిల్లు కట్టే మనిషి "విద్యుత్ వినియోగ రుసుము" అని టైప్ చేస్తాడా?

ఆ టీమ్‌లో కొందరు కలిసి 1990లో లేటెంట్ సెమాంటిక్ అనాలిసిస్ తెచ్చారు. ఏ మాట ఏ డాక్యుమెంట్‌లో ఎన్నిసార్లు వచ్చిందో ఒక పెద్ద పట్టికగా వేసి, దాన్ని గణితంతో కొన్ని వందల కొలతలకి కుదిస్తారు. అప్పుడు ఒక్కో మాటకి మ్యాప్‌లో లొకేషన్ లాంటిది వస్తుంది. దవాఖాన, ఆసుపత్రి ఒకే పేజీలో ఎప్పుడూ కలవకపోయినా, రెండిటి చుట్టూ డాక్టర్, నర్సు, బెడ్డు, అడ్మిట్ ఉంటే రెండూ పక్కపక్క వీధుల్లోకి వచ్చేస్తాయి. 1997లో లాండవర్, డ్యుమే దీని చేత టోఫెల్ పరీక్ష రాయించారు. సమానార్థక పదాల మీద 80 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. అది చదివింది 30 వేల పైచిలుకు ఎన్‌సైక్లోపీడియా వ్యాసాలు మాత్రమే. దానికి 64.4 శాతం వచ్చింది. అమెరికా కాలేజీలకి అప్లై చేసిన విదేశీ విద్యార్థుల సగటు 64.5! 2001లో పీటర్ టర్నీ ఇంకా సింపుల్‌గా, ఆల్టావిస్టా సెర్చ్‌లో రెండు మాటలు దగ్గరదగ్గరగా ఎన్ని పేజీల్లో వస్తున్నాయో లెక్కపెట్టి 74 శాతం దాకా తెచ్చాడు.

2013లో గూగుల్‌లో మికొలోవ్ టీమ్ తెచ్చిన వర్డ్‌టూవెక్ గురించి మీరు వినే ఉంటారు. రాజు నుంచి మగవాణ్ని తీసేసి ఆడమనిషిని కలిపితే రాణి వస్తుందనే ఫేమస్ లెక్క దానిదే. ఐడియా పాతదే, స్పీడ్ కొత్తది.

ఇప్పుడు చిక్కు. స్నేహాల్ని బట్టే మాటని లెక్కేస్తే వేడి, చల్లని రెండూ పక్కపక్కనే పడతాయి. ఎందుకంటే రెండిటి పక్కనా నీళ్లు, గాలి, అన్నం వస్తాయి. పెరిగింది, తగ్గింది కూడా అంతే. "షుగర్ తగ్గింది" అని వెతికినవాడికి "షుగర్ పెరిగింది" అని సలహాలు వస్తే? లెక్క ప్రకారం అవి చుట్టాలే, బతుకులో శత్రువులు. 2003లో డెకాంగ్ లిన్, ఆయన సహచరులు దీనికి ఒక ఉపాయం పట్టారు. ఇంగ్లీషులో రెండు మాటలు "దీని నుంచి దానికి", "ఇదైనా అదైనా" అనే అచ్చుల్లో ఎక్కువగా వస్తుంటే అవి సమానార్థకాలు కావని తేల్చేయొచ్చు. బాగుంది. కానీ తెలుగులో జంట పదాలు చూడండి. రాత్రీ పగలూ అంటే వ్యతిరేకాలు. పిల్లా పాపా అంటే దాదాపు ఒకటే. ఇల్లూ వాకిలీ అంటే అటూ కాదు, ఇటూ కాదు, పక్కపక్కన ఉండేవి. మూడిటికీ ఒకే అచ్చు. అరువు తెచ్చుకున్న రూల్ ఇక్కడ నడవదు.

ఇంకో చిక్కు ప్రత్యయాలు. ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇంటినుంచి. మనకి ఒక్క మాట, మెషీన్‌కి నాలుగు. ఫేస్‌బుక్ వాళ్ల ఫాస్ట్‌టెక్స్ట్ మాటని ముక్కలుగా కోసి నేర్చుకుంటుంది కాబట్టి ఇక్కడ కాస్త పనికొచ్చింది. 2018లో వాళ్లు 157 భాషలకి విడుదల చేసిన మోడల్స్‌లో తెలుగు కూడా ఉంది. దానికి తిండి వికీపీడియా, వెబ్‌పేజీలు. నా భయం అక్కడే. జనం నోట్లో రోజూ ఆడుతున్నా, రాతలో తక్కువగా కనిపించే మాటకి స్నేహితులు తక్కువ దొరుకుతారు. స్నేహితులు తక్కువైతే దాని లొకేషన్ తప్పుతుంది. పేపర్ తెలుగు బాగా వచ్చి ఇంటి తెలుగు సరిగ్గా రాని మెషీన్ తయారవుతుంది. వాయిస్ సెర్చ్ ఎక్కువగా కావాల్సింది టైపింగ్ రానివాళ్లకే, వాళ్లు మాట్లాడేది ఇంటి తెలుగే.

2018లో వచ్చిన బెర్ట్ తర్వాత మోడల్స్ ప్రతి వాక్యంలోనూ మాటకి వేరే లొకేషన్ ఇస్తున్నాయి. బస్సు పోవడం, తాత పోవడం విడివిడిగా కూర్చుంటున్నాయి. 1964 నాటి వరుసలు గుర్తొచ్చాయా?

తెలుగు ఎంత వచ్చో కొలవాలంటే మనుషులు వేసిన మార్కులు కావాలి. సరదాగా మనమే మొదలుపెడదాం. ఈ ఐదు జతలకి 0 నుంచి 4 వరకు మార్కులు వేసి, మీ జిల్లా పేరుతో కామెంట్ చేయండి: సొరకాయ, ఆనపకాయ. యాది, జ్ఞాపకం. కరెంటు, విద్యుత్తు. ఇల్లు, వాకిలి. కన్నుమూశారు, చచ్చాడు. చివరి జత దగ్గర కాసేపు ఆగుతారు, నాకు తెలుసు. వచ్చిన మార్కులన్నీ ఎక్సెల్‌లో వేసి వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. బై.