ఆయిల్ ఛాంబర్ అడుగున ఉండే జల్లెడ కథ

బావి మీద మోటారు పెట్టిన ప్రతి రైతుకీ ఫుట్‌వాల్వ్ తెలుసు. ఎంత ఖరీదైన మోటారు కొన్నా సరే, ఫుట్‌వాల్వ్ జల్లెడకి నాచు పట్టినా, సక్షన్ పైపు జాయింటులో సన్న సందు ఉండి గాలి లాగినా నీళ్లు రావు. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

మన ట్రాక్టర్ ఇంజన్‌లోనూ అచ్చం ఇలాంటిదే ఒకటుంది. ఆయిల్ ఛాంబర్ అడుగున, ఆయిల్‌లో మునిగి, ఒక పైపు, దాని చివర ఒక జల్లెడ. స్ట్రైనర్ అంటారు, పికప్ అని కూడా అంటారు. ఇంజన్ దించి పని చేయించేటప్పుడు లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేయిస్తాం. ఈ జల్లెడని మాత్రం డీజిల్లో ఒకసారి ముంచి తీసి మళ్లీ బిగించేస్తారు. మా బండికీ అదే జరిగింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఈ జల్లెడ ఇంజన్‌లోకి ఎలా వచ్చిందో చూద్దాం. అది తెలిస్తే దాన్ని ఎందుకు తేలిగ్గా తీసుకోకూడదో దానంతట అదే అర్థమవుతుంది.

మొదట్లో చాలా బండ్లలో ఈ జల్లెడే లేదు, ఎందుకంటే ఆయిల్ పంపే లేదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు సంగతి చూడండి. 1927 వరకు కోటీ యాభై లక్షలకు పైగా తయారైన బండి అది. దాని ఫ్లైవీల్ తిరుగుతూ అడుగునున్న ఆయిల్‌ని పైకి చిమ్మేది. చిమ్మిన ఆయిల్ కొంత ఒక చిన్న గరాటులో పడి, సన్న గొట్టం గుండా ఇంజన్ ముందు భాగానికి పోయేది. అక్కణ్ణుంచి వెనక్కి పారుతూ కనెక్టింగ్ రాడ్ల కింద ఉన్న గుంటల్ని నింపేది. రాడ్లు ఆ గుంటల్లో మునిగి లేస్తూ ఆయిల్ చల్లుకునేవి. 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ వచ్చినప్పుడూ ఇదే చిమ్ముడు పద్ధతి.

పంపు తెలియక కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో బెల్లిస్ అండ్ మోర్కమ్ కంపెనీ వాళ్లు 1890 నాటికే ఆవిరి ఇంజన్లలో పంపుతో ఒత్తిడి పెట్టి బేరింగులకి ఆయిల్ అందించారు. ఫోర్డ్ బండి చవగ్గా, సులువుగా ఉండాలి కాబట్టి పంపు లేకుండా నడిపించారు. కానీ ఆ పద్ధతికి రెండు ఇబ్బందులు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయిల్ అంతా వెనక్కి పోయి ముందు సిలిండర్ రాడ్డు ఎండేది. రెండోది, గేర్లు మార్చే బ్యాండ్ల మీది నూలు పీచు రాలి, ఆయిల్‌లో కలిసి, ఆ సన్న గొట్టాన్ని మూసేసేది. గొట్టం మూసుకుందని నడిపేవాడికి తెలిసేది కాదు. రాడ్డు కొట్టుకోవడం మొదలయ్యాకే తెలిసేది.

ఇంజన్ల వేగం, బరువు పెరిగేకొద్దీ చిమ్ముడుతో పని జరగలేదు. పంపు తప్పలేదు. పంపు వచ్చిందంటే అడుగు నుంచి ఆయిల్ పీల్చాలి. అప్పటి ఆయిల్‌లో ఈనాటి మందులేవీ ఉండేవి కాదు. మసి, తేమ, దుమ్ము కలిసి నల్లటి మడ్డిలా అడుగున పేరుకునేవి. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ 1923లో ప్యూరోలేటర్ అనే ఆయిల్ ఫిల్టర్ తెచ్చాడు. అయితే ఫిల్టర్ ఉండేది పంపు దాటాక. పంపులోకి ఏం పోతుందో చూసుకునే పని మాత్రం జల్లెడదే.

దీనికి ఆ రోజుల్లో దొరికిన ఒక ఉపాయం నాకు చాలా నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా తయారైన విల్లీస్ జీపు ఇంజన్‌లో జల్లెడ అడుగున ఉండదు, తేలుతుంది. బోలుగా ఉన్న రేకు డబ్బాకి జల్లెడ బిగించి, కీలు మీద ఊగేలా పెట్టారు. ఆయిల్ మట్టంతో పాటు అది లేస్తుంది, దిగుతుంది. మడ్డీ నీళ్లూ కిందనే ఉంటాయి, పైనున్న తేట ఆయిల్ పంపులోకి పోతుంది. కుండలో అడుగు కదలకుండా పైన తేట నీళ్లు ముంచుకున్నట్టు. 1940ల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది ఈ వంశం జీపులే. మన బ్లాకు ఆఫీసుల జీపులు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. ఆ జీపు సర్వీసు పుస్తకంలో ఈ విషయం స్పష్టంగా ఉంది: ఛాంబర్ దించిన ప్రతిసారీ ఈ తేలే జల్లెడని ఊడదీసి, బాగా కడిగి, మళ్లీ బిగించాలి.

ఈలోగా ఆయిలే మారిపోయింది. 1931లో క్యాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టర్ తెచ్చింది. డీజిల్ మసికి, వేడికి రింగులు గాడుల్లోనే అతుక్కుపోయాయి. 1930ల మధ్యలో స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లు క్యాటర్‌పిల్లర్‌తో కలిసి పనిచేసి, మురికిని కడిగే మందు కలిపిన డీజిల్ ఇంజన్ ఆయిల్ తెచ్చారు. ఈ ఆయిల్ మసిని అడుగున కూర్చోనివ్వదు, తనలోనే తేలుస్తూ తిప్పుతుంది. మన డీజిల్ బండ్లలో ఆయిల్ పోసిన కొన్నాళ్లకే నల్లబడేది అందుకే. అది పని చేస్తోందని అర్థం. తర్వాత్తర్వాత ఆయిలంతా ఫిల్టర్ గుండానే పోయే పద్ధతీ వచ్చింది, జల్లెడ అడుగుకి కాస్త పైన కదలకుండా నిలబడింది.

అయితే ఏళ్ల తరబడి మడ్డి పేరుకున్న పాత ఇంజన్‌లో ఒక్కసారిగా కడిగే ఆయిల్ పోయొద్దని పాత మెకానిక్కులు చెప్పేవాళ్లు. ఊడిన మడ్డి నేరుగా వచ్చి పడేది జల్లెడ మీదే కదా.

ఇక మా బండి సంగతి. నాట్ల ముందు ఇంజన్ పని చేయించాం. దమ్ములోకి దిగాక, లోడు పడ్డప్పుడల్లా ఆయిల్ గేజి ముల్లు ఊగేది. గేజి పాడైందనుకున్నాం. నాలుగో రోజు రాడ్డు కొట్టుకోవడం మొదలైంది. ఛాంబర్ దించితే జల్లెడ లోపలి మడతలో పాత గ్యాస్కెట్ పేస్టు తుంపులు, అరిగిన బేరింగ్ పొడి. పైపు జాయింటుకి పాత ప్యాకింగే వేశారు, అక్కడ గాలి లాగింది. కొత్త బేరింగులు పోయాయి, క్రాంక్ మళ్లీ గ్రైండింగ్‌కి పోయింది. దానికంటే పెద్ద దెబ్బ, అదునులో పన్నెండు రోజులు బండి షెడ్డులో ఉండటం. మెకానిక్ ఒక్కణ్ణే అనను. దగ్గరే ఉన్నాను, నేనూ అడగలేదు.

అందుకే చెప్తున్నాను. ఇంజన్ దించినప్పుడు జల్లెడని ఊడదీయించి, కడిగాక వెలుతురుకి ఎత్తి చూడండి. తీగ అంతటా సమానంగా వెలుతురు రావాలి. తీగ చిరిగినా, పైపుకి పగులున్నా, లోపల కనపడకుండా రేకుతో మూసి ఉన్న రకమైనా మార్చేయండి. బేరింగ్ పొడి తిరిగిన ఇంజన్ అయితే ఆలోచించకుండా కొత్తది వేయించండి, ఆయిల్ దారులన్నీ కడిగించండి. జాయింటు ప్యాకింగో ఓ-రింగో ఎప్పుడూ కొత్తదే. పేస్టు పల్చగా పూయమనండి, ఎక్కువైంది లోపలికే రాలుతుంది. కారు, ఆటో లాంటి వాటికి ఛాంబర్ రేకు లోపలికి సొట్టపోయి జల్లెడ మూతిని మూస్తోందేమో చూడండి.

బిగించాక, స్టార్ట్ చేసేముందు ఆయిల్ పైకి ఎక్కిందో లేదో చూడమనండి. మోటారుకి నీళ్లు పోసి ప్రైమింగ్ చేయకుండా స్విచ్ వేయం కదా, ఇదీ అంతే.

మీ బండి ఇంజన్ పని చేయించినప్పుడు ఈ జల్లెడ మార్చారా, పాతదే వేశారా? గుర్తుంటే కింద రాయండి. గుర్తు లేకపోతే ఈసారి ఛాంబర్ దించే రోజు దగ్గరుండండి.