నాంపల్లి చట్టసభ, మాడిసన్ వ్యాసాలు

1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి తొలి పుస్తకంగా అబ్రహాం లింకన్ చరిత్రను వేసింది. రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు, పూనిక కొమర్రాజు లక్ష్మణరావుది. నిజాం ఏలుబడిలో, జనం ఓటు ఎరగని చోట, ఓట్లతో అధ్యక్షుడైన పేదవాడి కథతో మొదలుపెట్టడం చిన్న సాహసం కాదు.

లింకన్ అలా తెలుగులోకి వచ్చాడు. ఆయన కాపాడిన రాజ్యాంగానికి రూపం దిద్దిన జేమ్స్ మాడిసన్ రాతలు మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే దొరుకుతాయి. 1964లో హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వచ్చాక పరిశోధకులకు దారి దొరికింది. సొంతానికి కొనుక్కోవాలంటే అబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది. ఆదివారం మూసిన షాపుల ముందు పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. పోటీ పరీక్షల గైడ్లు పక్కకు నెట్టి, లోపలి పేజీలో పాత యజమాని సంతకం చూసి, బేరమాడి కొనాలి.

అమెరికా కొత్త రాజ్యాంగానికి న్యూయార్క్ ప్రజలను ఒప్పించడానికి హామిల్టన్, మాడిసన్, జే 1787-88లో 'పబ్లియస్' అనే మారుపేరుతో 85 వ్యాసాలు రాశారు. చాలావరకు పత్రికల్లో వచ్చినవే. అందుకే వాటిలో పాఠం చెప్పే తీరు కంటే వాదించే వేడి ఎక్కువ. 51వ వ్యాసంలో మాడిసన్ వాదన ఇది: ప్రజాప్రభుత్వంలో చట్టసభదే పైచేయి అవుతుంది, కాబట్టి దాన్ని రెండు సభలుగా విడదీసి, వేర్వేరు పద్ధతుల్లో ఎన్నుకోవాలి.

రెండు సభలన్న ఈ మాటకు హైదరాబాదు నాంపల్లిలో సొంత చరిత్ర ఉంది. 1913లో టౌన్ హాలుగా పూర్తయిన భవనమే తర్వాత శాసనసభ అయింది. 1958లో ఆంధ్రప్రదేశ్‌కు శాసనమండలి వచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం పట్టుబట్టడంతో 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది. మాడిసన్‌ను చదివినవారికి పోలికా తేడా రెండూ ఇక్కడే కనిపిస్తాయి. మండలిలో మూడో వంతు సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. 1913 దాకా అమెరికా సెనేటర్లనూ రాష్ట్రాల చట్టసభలే ఎన్నుకునేవి. పోలిక అంతవరకే. సెనేట్ కాదంటే బిల్లు ఆగిపోతుంది. మండలి మాత్రం ఒక బిల్లును మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. తన రద్దు మీద దానికి ఓటు కూడా లేదు: 169వ అధికరణం ప్రకారం శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానిస్తే, పార్లమెంటు చట్టం చేస్తే చాలు. మాడిసన్ కోరిన అడ్డుకట్ట ఇంత పలచనిది కాదు. అయినా 2014లో ఆంధ్రప్రదేశ్ విడిపోయినప్పుడు తెలంగాణకు 40 మంది సభ్యుల మండలి దక్కింది.