టంకం లేని అతుకు

1836లో రోముకు ఉత్తరాన, చెర్వెతెరి దగ్గర, ఇటలీ ప్రాచీన జాతి అయిన ఎట్రుస్కన్ల సమాధి ఒకటి బయటపడింది. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటిది. అందులో దొరికిన వాటిలాంటి ఎట్రుస్కన్ నగల మీద బారులు తీరిన బంగారు గింజలు అర మిల్లీమీటరుకు లోపే ఉంటాయి, కొన్ని దుమ్ములా కనిపించేంత సన్నం. రోములో పేరుమోసిన నగల పనివాడు ఫొర్తునాతో పియో కస్తెల్లాని కుటుంబాన్ని ఒకటే ప్రశ్న పట్టుకుంది. వీటిని రేకుకు ఎలా అతికారు?

ఇందులో కష్టమేమిటో ఏ కంసాలిని అడిగినా చెబుతాడు. కరిగిన టంకం శుభ్రమైన బంగారాన్ని తాకిందంటే దాని మీద పారుతుంది, సన్నటి సందు దొరికితే దూరిపోతుంది. గింజ చిన్నదయ్యేకొద్దీ ముప్పు పెరుగుతుంది. నడుమ ఖాళీలు నిండి వరుసంతా ముద్దకడుతుంది. పాత నగల్లో మాత్రం ప్రతి గింజా విడిగా, గుండ్రంగా నిలిచి, రేకును చుక్కంత మేరే పట్టుకుని ఉంది. కస్తెల్లానీలు సాంతాంజెలో ఇన్ వాదో అనే ఊరినుంచి పాత పనితనం మరవని వాళ్లను రప్పించారు. టంకాన్ని మెత్తటి రజనుగా అరగదీశారు. వెలిగారం మాని ఆర్సెనిక్ లవణాలు వాడారు. వాళ్ల నగలు అపురూపమైనవే, అయినా ప్రాచీనుల అతి సన్నటి పనిని అందుకోలేకపోయామని వాళ్లే ఒప్పుకున్నారు. వాళ్లు వెతికింది మేలైన టంకం కోసం. చిక్కంతా అక్కడే పడిందని నా నమ్మకం.

మొదటి ఆధారం గింజలోనే ఉంది. బంగారు తునకలను బొగ్గుపొడిలో పేర్చి మూసలో కాలిస్తే, కరిగిన ప్రతి తునకా తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రపడుతుంది. కరిగిన బంగారం బొగ్గును అంటదు కాబట్టి తలతన్యత దాన్ని బంతిగా లాగేస్తుంది. అదే ద్రవం శుభ్రమైన లోహం మీద పరుచుకుంటుంది. కరిగిన లోహం ఆగేదీ పారేదీ చాలావరకు కింద ఉన్న ఉపరితలాన్ని బట్టే.

రెండోది క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాతల్లో దొరుకుతుంది. బంగారం అతకడానికి రాగి చిలుముతో చేసిన మందు వాడతారని ఆయన రాశాడు. చిలుము లోహం కాదు. పైగా వేడిచేస్తే నల్లటి ఆక్సైడ్ అవుతుంది, ఆక్సైడ్ పొర ఉన్నచోట టంకం పారదు. అతుకును చెడగొట్టే పదార్థాన్నే అతుకులో ఎందుకు పెట్టారు?

మూడోది కొలిమి లెక్క. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. తగుపాళ్లలో కలిస్తే మాత్రం 900కు కాస్త అటూఇటూగానే కరుగుతాయి.

వీటిని ఒకచోట చేర్చినవాడు బ్రిటన్‌కు చెందిన హెచ్.ఎ.పి. లిటిల్‌డేల్. 1933లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన రాగి లవణాన్ని జిగురులో కలిపి, దానితోనే గింజల్ని రేకు మీద నిలబెట్టాడు. తడి జిగురు తనంత తానే గింజ అడుగున, రేకును తాకే సందులోకి చేరుతుంది. వేడెక్కాక రాగి లవణం ఆక్సైడ్ అవుతుంది, జిగురు మాడి బొగ్గవుతుంది. వేడి ఇంకా పెరిగితే ఆ బొగ్గు ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. మిగిలేది అప్పుడే పుట్టిన, మచ్చలేని రాగి. అటూ ఇటూ బంగారం ఉండగా ఆ చుక్కంత చోటే ముందుగా కరుగుతుంది. బయటినుంచి తెచ్చిన టంకం లేదు, పొంగిపారడానికి మిగులూ లేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

కొన్ని ఎట్రుస్కన్ నగల్ని పరీక్షిస్తే గింజ రేకును తాకేచోట రాగి పాలు ఎక్కువగా కనిపించింది. అన్ని నగలకూ ఇదొక్కటే దారి అనలేం. నేర్పుగా కాలిస్తే బంగారం తన పైపొర కరిగి తానే అతుక్కోగలదు. అయితే రాగి దారిలో పనివాడికి మరో మేలుంది. వేడి తగులుతూ ఉంటే అతుకులోని రాగి చుట్టూ ఉన్న బంగారంలోకి ఇంకుతుంది. అక్కడ రాగి పలచబడేకొద్దీ రంగు బంగారంతో కలిసిపోతుంది, అతుకు కరిగే వేడి పైకి జరుగుతుంది. అందుకే రెండో వరుస పెట్టి మళ్లీ కాల్చినా మొదటి వరుస గింజలు కదలవు.