ప్రామాణ్యము (ప్రథమక్రమ తర్కము)

ప్రథమక్రమ తర్కమున ఒక సూత్రము, ఏ విషయసమితిని గ్రహించినను, అందలి విధేయములకు ఏ యర్థము కల్పించినను సత్యమే యగునెడల ప్రమాణమనఁబడును. అయితే గ్రాహ్యములైన సమితులెవ్వి యన్నది సూత్రము చెప్పదు, ఎన్నుకొన్న అర్థవిధానము చెప్పును. ‘ప్రతిదియు తెల్లనిదైనచో, తెల్లనిది యొకటైనను కలదు’ అను వాక్యమును చూడుఁడు. టార్‌స్కీ ననుసరించు వాడుకలో విషయసమితి శూన్యము కారాదు గనుక ఇది ప్రమాణము. ఖాళీ కొట్టములోని ఆవులనే సమితిగా గ్రహించితిమా, తెల్లనిది కాని యావు చూపుటకు లేదు గావున పూర్వాంగము సత్యమగును, తెల్లని యావును లేదు గావున ఉత్తరాంగ మసత్యమగును, వాక్యము నిలువదు. 1951లో మోస్టోవ్‌స్కీయు, 1954లో క్వైనును ఈ శూన్యసమితిని గూర్చి విచారించిరి. ఏదో యొకటి యున్నదని శాసించుట తర్కము పని కాదు గనుక ఆ విచారణ మిక్కిలి యాదరణీయము. 1965లో క్రిప్కీ అంతఃప్రజ్ఞావాద తర్కమునకు కూర్చిన అర్థవిధానమునందైతే, ‘అగును, లేదా కాదు’ అను నియమమే ప్రమాణము కాకపోవును.