తుప్పు తిన్న గడపలు

ఇంగ్లండు దేశమున పాతకార్లను ప్రేమతో పోషించుకొనువారు పలువురు కలరు. వారిలో టాపు మడచి వెనుకకు పడవేయదగిన రెండుసీట్ల కార్లు గలవారికి నేడో రేపో ఒక చిక్కు ఎదురుకాక తప్పదు. కారు అడుగుభాగమును తుప్పు తినివేసినది. దానిపై ఒక రేకు కప్పి మాటు వేయుటయా? కుళ్లిన భాగమును కోసివేసి క్రొత్త ఉక్కు అతుకుటయా? లేక బాడీ యంతయు తీసి పారవైచి మరియొక బాడీ తెచ్చుకొనుటయా? వినుటకు ఇది కేవలము షెడ్డులోని మేస్త్రీకి సంబంధించిన సంగతివలె తోచును. కాని దీనికి సమాధానము ఆ కారును రూపొందించిన ఇంజనీర్లు ఎన్నడో తీసికొన్న ఒక నిర్ణయములో దాగియున్నది. ఎమ్‌.జి. కార్ల కథ ఇందుకు చక్కని నిదర్శనము. ఆ కథనే నేడు శ్రోతలకు చెప్పదలచితిమి.

ఆక్స్‌ఫర్డు నగరమందలి మోరిస్ గ్యారేజెస్ అను సంస్థ పేరులోని మొదటి యక్షరములే ఎమ్‌.జి. అయినవి. 1929లో ఆ కార్ల కర్మాగారము సమీపముననున్న ఆబింగ్డన్ పట్టణమునకు తరలినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో అచ్చట తయారైన టి.సి. అను కారును చూచినచో, దానికిని మన యెడ్లబండికిని దూరపు చుట్టరికము కలదేమో యనిపించును. అడుగున ఉక్కు ఛాసిస్. దానిపై యాష్ అను చెట్టు కలపతో కట్టిన చట్రము. ఆ కలపపై తాపిన రేకులు. బరువు మోయునది ఛాసిస్. బాడీ దానిపై కూర్చున్న పెట్టె మాత్రమే. రేకు తుప్పుపట్టినను, కలప పుచ్చినను, వడ్రంగియు రేకుపనివాడును కలసి సరిచేయగలిగెడివారు. కారు ప్రాణమునకు భయము లేదు.

1955లో వచ్చిన ఎమ్‌.జి.ఎ. నునుపైన ఉక్కు బాడీతో చూడ ముచ్చటగా ఉండెడిది. దానికిని వేరుగా బలిష్ఠమైన ఛాసిస్ ఉన్నది. కాళ్ల క్రింద పరచినవి ప్లైవుడ్డు పలకలే. పలకలు నానిపోయినచో మార్చుకొనవచ్చును. ఏడేండ్లలో లక్షకు పైగా తయారైన యీ కార్లలో నేటికిని నిలిచియున్నవాటికి ఆయువుపట్టు ఆ ఛాసిస్సే.

1962లో మార్పు వచ్చినది. సిడ్నీ ఎనెవర్ అను ప్రధాన ఇంజనీరు ఆధ్వర్యమున రూపొందిన ఎమ్‌.జి.బి.లో ఛాసిస్ అను వేరు వస్తువే లేదు. రేకులన్నియు ఒకదానితో నొకటి వెల్డింగు చేయగా ఏర్పడిన బాడీయే తన బరువును తాను మోసికొనవలెను. దీనివలన లాభము కలిగిన మాట నిజము. ముందువెనుక చక్రముల నడుమ దూరము ఎమ్‌.జి.ఎ.కంటె మూడంగుళములు తగ్గినను, లోపల చోటు పెరిగినది. పైకప్పు గల కారునకు ఇట్టి నిర్మాణము సహజముగా అమరును. టాపు లేని కారునకు అట్లు కాదు.

శ్రోతలు ఒక అగ్గిపెట్టెను చేతికి తీసికొని చూడుడు. పుల్లల అర లోపల నున్నంతవరకు పెట్టెను మెలివేయుట కష్టము. అరను బయటికి తీసి, దానిని మాత్రము రెండు కొసలను పట్టి మెలిత్రిప్పినచో వెంటనే లొంగిపోవును. పైకప్పు లేని కారు ఆ అర వంటిది. అది నడుమ క్రుంగకుండవలెనన్నచో, తలుపుల క్రింద ముందునుండి వెనుకకు సాగు రెండు గడపలు పైకప్పు మోయవలసిన భారమును గూడ మోయవలెను. ఇంగ్లీషువారు సిల్లు అనునది మన గడపయే. ఎమ్‌.జి.బి. గడప ఒక్క రేకు కాదు. లోపలి రేకు, నడిమి రేకు, బయటి రేకు, వాటి క్రింద పట్టె యొకటి కలిపి కుట్టినట్లు వెల్డింగు చేసిన మూసిన పెట్టె. ఇంటిగడపపై ఇల్లు నిలువదు. ఈ కారు మాత్రము గడపలపైననే నిలిచినది.

ఆ రోజులలోనే మరియొక మార్గము త్రొక్కినవారును కలరు. 1959లో కోవెంట్రీలోని స్టాండర్డ్-ట్రయంఫ్ కంపెనీ హెరాల్డ్ కారును విడుదల చేయునాటికి, వారికి బాడీలు సరఫరా చేయుచుండిన కర్మాగారము ప్రత్యర్థి సంస్థ చేతిలోనికి పోయి ఆరేండ్లయినది. ఒంటిబాడీ కట్టించుకొను వీలులేక, వారు వేరుగా ఛాసిస్ వేసి, తలా ఒక చోట చేయించిన బాడీముక్కలను బోల్టులతో దానిపై బిగించిరి. అవసరము వారిని పాతబాట పట్టించినది; ఆ పాతబాటయే తరువాతి వారికి మేలైనది. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఈ కారే. మన పెద్దలలో దాని యెక్కిన వారును, నడిపినవారును చాలమంది యున్నారు. ఆ కారునకు పైకప్పు తీసివేసినను ఛాసిస్ నిలువబట్టి యుండును. తుప్పుపట్టిన ముక్క యేదో దానినే విప్పి మార్చుకొనవచ్చును.

ఎమ్‌.జి.బి. గడపలోనికి తుప్పు ప్రవేశించు తీరు దొంగ యింటిలో దూరిన తీరువంటిది. ముందుచక్రము చిమ్మిన బురద మడ్‌గార్డు లోపల వెనుకమూలన పేరుకొనును. నీరు జారిపోవలసిన రంధ్రములు పూడిపోవును. చలికాలమున మంచు కరగుటకై అచ్చటి రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు బురదలో నిలిచి, రేకుల అతుకుల నడుమకు దిగును. ఉప్పుగాలి కిటికీ ఊచలను ఏమి చేయునో విశాఖపట్టణమందును, కాకినాడయందును కాపురముండువారికి చెప్పనక్కరలేదు. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె హెచ్చుచోటు నాక్రమించును. కావున అతుకుల నడుమ పుట్టినచో రేకులను ఉబ్బించి, వెల్డింగు చుక్కలను విడదీయును. పైకి రంగుబుడగ యొకటి కనుపించునాటికి లోపలి రేకు జల్లెడయై యుండును.

ఇక మాటు సంగతి. గడప బయటిరేకు తలుపుక్రింద కనబడునంత పొడవే కాదు. ముందు మడ్‌గార్డు క్రిందికిని, వెనుక మడ్‌గార్డు క్రిందికిని సాగిపోవును. ముందుది బోల్టులు విప్పిన ఊడివచ్చును. వెనుకది వెల్డింగుతో అతికినది గాన, దాని క్రిందిభాగమును కోయవలెను. ఈ శ్రమ యెవరు పడుదురు? కనబడునంత మేరకే సరిపోవు పలుచని తొడుగు రేకులు అంగట అమ్ముటకు వచ్చినవి. కుళ్లిన గడపపై తొడుగు పెట్టి, అంచులు అతికి, రంగు పూసినచో కారు నిగనిగలాడును. మేడిపండు చందమన్నమాట. పాతకార్లకు ఏటేట పరీక్ష జరుపవలెనను నియమము బ్రిటనులో 1960లో వచ్చినది. కాలక్రమమున ఆ పరీక్షలో, సీటుబెల్టులు, కమాను కట్టలు మున్నగునవి బిగించిన చోట్లకు ముప్పది సెంటీమీటర్లలోపు తుప్పు ఉన్నచో కారు తప్పినట్లే యని నిర్ణయించిరి. సుత్తితో తట్టి చూచువారికి తొడుగు మర్మము కొంత తెలియకపోదు. అయినను ఎన్నో తొడుగులు గట్టెక్కిపోయినవి. ఈ పద్ధతిని మేము మరమ్మతు అనజాలము. ప్రమాదము జరిగిననాడు ఆ గడప కాగితమువలె ముడుచుకొనును. లోపల కూర్చున్నవాని కాళ్లు అచ్చటనే యుండును.

సరియైన మరమ్మతునకు ముందు కారే తన స్థితిని చెప్పును. తలుపునకును దాని వెనుక స్తంభమునకును నడుమనున్న సందును చూడవలెను. క్రిందినుండి పైకి పోవుకొలది ఆ సందు ఇరుకైనచో కారు నడుమ క్రుంగుచున్నదని యర్థము. జాకీతో ఒక ప్రక్క ఎత్తినపుడు తలుపు తెరచుకొనకున్నచో సందేహమే యక్కరలేదు. ఇట్టి కారు గడపను తొందరపడి కోసినచో, క్రుంగిన రూపముననే శాశ్వతముగా బిగిసిపోవును. అందుచేత అనుభవజ్ఞులు మొదట కారును సమతలముగా నిలిపి, తలుపు వాకిట ముందు స్తంభమునుండి వెనుక స్తంభమునకు ఇనుపగొట్టముల దన్ను పెట్టుదురు. ఒకేసారి రెండు ప్రక్కల కోయరు. ఒక ప్రక్క లోపలి రేకునుండి బయటి రేకు వరకు పూర్తియై, తలుపు పెట్టి చూచి, సందు సరిపోయిన పిమ్మటనే రెండవ ప్రక్కకు పోవుదురు. నిప్పురవ్వలు ఎగురు పని గాన పెట్రోలుటాంకిని, బాటరీలను ముందుగనే తీసివేయవలెను. ఆ బాటరీలు తొలినాళ్లలో రెండు, సీట్ల వెనుక అడుగున అమరియుండెడివి. వాటి పెట్టెలును తుప్పు కాపురములే.

1980లో ఆబింగ్డన్ కర్మాగారము మూతపడునాటికి అయిదు లక్షలకు పైగా ఎమ్‌.జి.బి.లు తయారైనవి. తరువాత కొన్నేండ్లకు అవి తుప్పుతో కుప్పకూలసాగినవి. అపుడు, ఎవరును ఊహింపని మూడవ మార్గము తెరచుకొన్నది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థ, స్విండన్‌లో పూర్వము బాడీరేకులు కొట్టిన అసలు అచ్చులను సేకరించి, 1988లో టాపులేని ఎమ్‌.జి.బి. బాడీని మరల చేయించినది. చచ్చిన కారునకు బాడీ క్రొత్తగా పుట్టినది! ఆ బాడీ ఆధారముగానే 1992లో రోవర్ కంపెనీ ఆర్‌.వి.8 అను క్రొత్తకారును గూడ విడుదల చేసెను. రమారమి 2000 కార్లు తయారు కాగా, వాటిలో నాలుగింట మూడు వంతులకు పైగా జపానుకు పోయినవి.

క్రొత్త బాడీ వచ్చినచో, ఇది పాతకారేనా యను ప్రశ్నయు వెంట వచ్చినది. బ్రిటిషు ప్రభుత్వము చాల యేండ్లు దీనికి మార్కులు వేసి తేల్చెడిది. పాత నంబరు నిలుపుకొనుటకు ఎనిమిది మార్కులు కావలెను. అందు బాడీకి అయిదు, ఇంజనుకు ఒకటి. తయారీదారు చేసిన సరియైన క్రొత్తబాడీకి గూడ ఆ అయిదును లభించెడివి. అనగా చట్టము దృష్టిలో పాత గడపకును, క్రొత్త గడపకును భేదము లేదు.

మాకు మాత్రము కొంత భేదము తోచుచున్నది. తుప్పు గడపలతో ఆగియున్నచో, ఎంత ఖర్చైనను కోసి కట్టుటయే మేలు. స్విండన్‌లో ఆనాటి కార్మికుడు అతికిన మిగిలిన ఉక్కు అందులో బ్రదికియుండును. తుప్పు గడపలు దాటి అడుగురేకులకును, కమాను కట్టలు బిగించిన చోట్లకును ప్రాకినచో, కొలతకు ఆధారమగు ఒక్క స్థిరమైన చోటును మిగులదు. అట్టి కారునకు క్రొత్త బాడీయే శరణ్యము. ఆ సంగతిని కారు కాగితములలో దాచక వ్రాసి యుంచవలెను. కొనువాడు తెలిసి కొనును.

2018 మే నెల నుండి, పెద్ద మార్పులు చేయకుండ నలుబది యేండ్లు గడచిన కార్లకు బ్రిటనులో ఆ వార్షిక పరీక్షనుండి మినహాయింపు లభించినది. ఎమ్‌.జి.బి.లలో చివరివానికి సైతము నలుబది నిండినవి. సుత్తితో తట్టి చూచు పరీక్షకుడు ఇక ప్రతియేట రానక్కరలేదు. తివాచీ ఎత్తి, స్క్రూడ్రైవరుతో గడపను పొడిచి చూచుకొను పని యజమానిదే.